ఆసుపత్రి సీలింగ్ మూతలను చివరి పనిగా వదిలేయకండి

సంపాదకులకు,

అయ్యా,

ఆసుపత్రి వరండాలో నడుస్తూ తలెత్తి చూస్తే ఫాల్స్ సీలింగ్‌లో అక్కడక్కడ చదరపు మూతలు కనిపిస్తాయి. మేస్త్రీలు వాటిని ట్రాప్ డోర్లంటారు, డ్రాయింగుల్లో యాక్సెస్ ప్యానెళ్లని రాస్తారు. గోడల్లోనూ ఇలాంటివే ఉంటాయి: బాత్‌రూముల వెనక అన్ని అంతస్తులకూ నిలువునా సాగే పైపుల షాఫ్ట్‌కు ఒకటి, కేబుళ్లు వెళ్లే కరెంటు షాఫ్ట్‌కు ఒకటి. నీటి వాల్వు, ఆక్సిజన్ లైను, ఏసీ యూనిట్, ఏసీ గాలి వెళ్లే డక్ట్‌లో మంట పాకకుండా మూసుకునే ఫైర్ డ్యాంపర్, జంక్షన్ బాక్సు, వీటిలో ఏది చెడినా మనిషి చెయ్యి అక్కడికి చేరేది ఈ మూతలోంచే. కొత్త ఆసుపత్రులు కడుతున్నవారికి, పాత అపార్ట్‌మెంట్లను నర్సింగ్ హోములుగా మారుస్తున్నవారికి ఈ మూతల ఎంపిక గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఇది. ఆర్కిటెక్టు డ్రాయింగులో సీలింగ్ మచ్చ లేకుండా నున్నగా ఉంటుంది. ఏసీ కాంట్రాక్టరు డక్టులు వేసి వెళ్లిపోతాడు. ప్లంబరు వాల్వులు బిగించి వెళ్లిపోతాడు. గ్యాస్ పైపులవాళ్లు తమ పని తాము చూసుకుంటారు. ఆఖరున జిప్సం బోర్డు మేస్త్రీ వచ్చి అన్నిటినీ కప్పేస్తాడు. ప్రారంభోత్సవానికి వారం ముందు ఎవరికో గుర్తొస్తే రంపంతో బోర్డు కోసి, ప్లైవుడ్ ముక్కకు తెల్లరంగు వేసి, రెండు స్క్రూలతోనో అయస్కాంతం క్లిప్పుతోనో నిలబెడతారు. మూత ఒకచోట, వాల్వు నాలుగడుగుల అవతల. తిలా పాపం తలా పిడికెడు. దాని ఫలితం మాత్రం ఆ భవనం నిలిచినన్నాళ్లూ కింద పడుకున్న రోగి అనుభవించాలి.

సీలింగ్ పైన ఉన్న ఖాళీని ఎవరూ తుడవరు. సిమెంటు పొడి, ఇన్సులేషన్ నూగు, బోర్డు కోసినప్పటి తెల్లదుమ్ము అక్కడే పేరుకుంటాయి. వాటికి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఒకటి. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లంత ఉంటాయి, ఒకసారి గాలిలోకి లేస్తే గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. ఆరోగ్యవంతుడికి వాటివల్ల సాధారణంగా ఏమీ కాదు. రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి అవే ప్రాణాంతకం. 2021లో బ్లాక్ ఫంగస్ పేరు మన ఇళ్లన్నిటిలో వినబడింది. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రాలు వేరే అయినా, బీజాలుగా గాలిలో ఎగిరి బలహీనులను పట్టుకునే తీరు ఒకటే.

మూత చుట్టూ ఉండే సన్నని సందును చిన్నచూపు చూడకూడదు. 600 మిల్లీమీటర్ల చదరపు మూతకు నాలుగు వైపులా కలిపి 2.4 మీటర్ల అంచు ఉంటుంది. అంచు పొడవునా 2 మి.మీ. సందు వదిలితే మొత్తం 48 చదరపు సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రంధ్రం చేసినట్టే లెక్క. క్షయలాంటి గాలి ద్వారా సోకే జబ్బులవారిని ఉంచే ఐసొలేషన్ గదిలో ఒత్తిడి బయటికంటే కనీసం 2.5 పాస్కల్స్ తక్కువ ఉండాలి. అంత చిన్న తేడాకే ఈ ఒక్క మూత సందులోంచి గంటకు ఇరవై ఘనపు మీటర్ల దాకా గాలి సీలింగ్ పైనుంచి గదిలోకి దిగుతుంది, దుమ్మును వెంటబెట్టుకుని. అలాంటి మూతలు నాలుగుంటే ప్రెషర్ మీటరు చూపాల్సిన అంకె చూపదు. ఫ్యాను చాలలేదని ఫ్యాను మారుస్తారు, ఫిల్టరు అడ్డుపడిందని ఫిల్టరు మారుస్తారు. తప్పు మూతలో ఉందని ఎవరికీ తట్టదు.

ఆపరేషన్ థియేటర్లో దీనికి ఎదురు. లోపల ఒత్తిడి ఎక్కువ ఉంచుతారు కాబట్టి పగలు గాలి సందుల్లోంచి పైకి పోతుంది, దుమ్ము కిందికి రాదు. రాత్రి కరెంటు ఖర్చు తగ్గుతుందని గదికి గాలి పంపే యంత్రాన్ని (ఏహెచ్‌యూ) ఆపేస్తే ఆ రక్షణ పోతుంది. సీలింగ్ పైన పేరుకున్నది టేబుల్ మీదికి దిగడానికి అంత సమయం చాలు. అందుకే మా మొదటి సలహా: థియేటర్లో, ఐసొలేషన్ గదిలో, మార్పిడి రోగుల గదిలో సీలింగ్ మూతే పెట్టకండి. వాల్వులు, డ్యాంపర్లు, జంక్షన్ బాక్సులు పక్క వరండాలోకి జరపమని డ్రాయింగు దశలోనే ఏసీ, ప్లంబింగ్ డిజైనర్లను అడగండి. అప్పుడైతే కాగితం మీద గీత జరిపితే సరిపోతుంది. బోర్డు ఎక్కాక అడిగితే పైపులు కోయాలి. అతి సన్నని దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరు మార్చడానికి సీలింగ్ పైకి ఎక్కే పని లేకుండా, గదిలో నిలబడి కిందినుంచే మార్చగల రకం దొరుకుతుంది, అదే తీసుకోండి.

తప్పనిసరై పెట్టాల్సి వస్తే ఇవి చూడాలి. ఫ్రేము మూలలు వెల్డింగు చేసి నున్నగా సాన పట్టి ఉండాలి. మూలల్లో అతుకులుంటే మురికి అక్కడే చేరుతుంది. తలుపు అంచున సందు మూసే గ్యాస్కెట్ పట్టీ నాలుగు వైపులా తెగకుండా ఒకే ముక్కగా, చెమ్మ పీల్చని క్లోజ్డ్ సెల్ నియోప్రీన్ రబ్బరుగానీ సిలికోన్‌గానీ అయి ఉండాలి. మామూలు స్పాంజి ఫోమ్ అంటిస్తే అది చెమ్మ పీల్చుకుని తనే బూజు గూడవుతుంది. లాక్ తిప్పితే తలుపును ఫ్రేముకు గట్టిగా లాగి నొక్కే రకం కావాలి. వేలితో నొక్కితే తెరుచుకునే టచ్ లాచ్ చూడ్డానికి బాగుంటుంది కానీ గ్యాస్కెట్‌ను నొక్కి ఉంచలేదు. 450 చదరానికి కనీసం రెండు లాక్‌లు, 600కు నాలుగు. ఫ్రేముకూ బోర్డుకూ మధ్య బూజు పట్టని సిలికోన్ సీలెంటు నింపాలి. తర్వాత గదిలో ఏసీ, ఫ్యాన్లు నడిపించి, పలుచని టిష్యూ కాగితం పేలికను అంచు వెంబడి జరిపి చూడండి. ఎక్కడ ఊగితే అక్కడ కారుతోంది. అగరుబత్తితో చూసే అలవాటు కొందరికుంది. ఆక్సిజన్ లైను ఉన్న గదిలో అది వద్దు.

అన్నిటికంటే తరచుగా తెరవాల్సి వచ్చే మూత, సీలింగ్ పైన ఉండి గదిని చల్లబరిచే ఫ్యాన్ కాయిల్ యూనిట్ కిందిది. దాని ఫిల్టరును నెలకోసారి కడగాలి, నీళ్ల ట్రేను శుభ్రం చేయాలి, మోటారు పోతే యూనిట్ మొత్తం దించాలి. మన ఉక్కపోత నెలల్లో డ్రెయిన్ పైపులో నాచు పట్టి ట్రే పొర్లుతుంది, జిప్సం బోర్డు తడుస్తుంది, పసుపు మరక పడుతుంది. మరక మీద రంగు వేస్తారు. లోపల బూజు అలాగే ఉంటుంది. తడిసిన జిప్సం బోర్డును కోసి తీసేయడమే సరైన పని. ఈ యూనిట్‌కు చాలామంది ఒక అడుగు చదరపు మూత పెట్టి ఊరుకుంటారు. అందులోంచి చెయ్యి పడుతుంది కానీ ట్రే రాదు. యూనిట్ పొడవు వెడల్పులకంటే మూత నాలుగు వైపులా కొంచెం పెద్దదిగా ఉండాలి. అవసరమైతే 600, 1200 కొలతల రెండు రెక్కల మూత పెట్టాలి. యూనిట్ ఎక్కడ ఉంచాలన్నది ఇంకా ముఖ్యం. వార్డు గదుల్లో తలుపు దాటగానే ఉండే నడవ మీద పెట్టాలి, మంచం మీద కాదు. ప్రతి నెలా ఆ దుమ్ము ఎవరి మీద రాలుతుందో ఆలోచించి చోటు నిర్ణయించాలి.

కొలత విషయంలో ఒక తేలిక లెక్క. వాల్వు పిడి ఒక్కటే తిప్పాలంటే 300 మి.మీ. చదరం చాలు. రెండు చేతులతో పనిముట్టు పట్టుకుని పని చేయాలంటే, ఫైర్ డ్యాంపర్‌ను తిరిగి లాగి బిగించడంలాంటివి, 450 ఉండాలి. తల, భుజాలు లోపలికి దూరాలంటే 600. వాల్వు మూత అంచు నుంచి అరమీటరు దాటితే నిచ్చెన మీద నిలబడ్డ మనిషి చెయ్యి స్థిరంగా అందదు. డక్ట్‌కు ఉండే తనిఖీ తలుపు, దాని కింద సీలింగ్ మూత ఒకే నిలువులో లేకపోతే రెండూ దండగే. నిచ్చెన ఎక్కడ నిలుస్తుందో కూడా చూడండి: ఎనిమిది అడుగుల వరండాలో మూత నట్టనడుమ ఉంటే, నిచ్చెన వేయగానే స్ట్రెచర్ ఆగిపోతుంది. ఒక గోడ వైపుకు జరిపితే దారి మిగులుతుంది. నర్సుల కౌంటరు మీద, గోడకు బిగించిన బీరువా మీద, వెంటిలేటర్ మంచం మీద మూత పెడితే అది ఉన్నా లేనట్టే.

బరువు సంగతి మరువకూడదు. 1.6 మి.మీ. స్టీలు రేకుతో చేసిన 600 చదరపు తలుపు ఒక్కటే నాలుగున్నర కిలోలు తూగుతుంది. సీలింగ్‌లో అది పూర్తిగా ఊడి చేతికొచ్చే రకం అయితే, పని చేసేవాడి పట్టు జారితే కిందున్నవారి తల మీదికే వస్తుంది. ఒక వైపు పొడవాటి కీలు, మరోవైపు రక్షణ గొలుసు ఉండాలి. కోసిన రంధ్రానికి నాలుగు వైపులా జీఐ (జింకు పూత ఉన్న ఉక్కు) చానెల్ అడ్డం వేసి ఆ చానెళ్లకే ఫ్రేము బిగించాలి. బోర్డుకే స్క్రూలు వేస్తే ఏడాది తిరక్కముందే మూలల నుంచి ఐమూలగా పగుళ్లు బయలుదేరతాయి.

ఏ లోహం అన్నది గదిని బట్టి ఉంటుంది. మామూలు వార్డులు, వరండాలకు పౌడర్ కోటింగ్ చేసిన జీఐ రేకు చాలు, 1.2 మి.మీ.కు తగ్గకుండా. థియేటర్, ఐసీయూ, డయాలిసిస్, స్టెరిలైజేషన్ విభాగాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. మన ఆసుపత్రుల్లో అన్నిటినీ తుడవడానికి హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) వాడతారు. అందులోని క్లోరిన్ మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును కూడా సూదిమొన లాంటి గుంటలతో తినేస్తుంది. తుడిచాక మంచినీళ్లతో మళ్లీ తుడిస్తే చాలావరకు ఆగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తడి చోట్లకు తుప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం తీసుకుంటే ఖర్చు పెరిగినా మళ్లీ మార్చే పని ఉండదు. బాత్‌రూమ్ షాఫ్ట్‌కు ప్లైవుడ్ తలుపు ఎక్కడా వద్దు. రెండు వానాకాలాల్లో ఉబ్బి, మూసుకోవడం మానేస్తుంది.

ఇక నిప్పు, పొగ. 2011 డిసెంబర్ 9న కోల్‌కతాలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో మంటలు లేచాయి. పై అంతస్తుల్లో పడుకున్నవారిలో 90 మంది దాకా చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది పొగే. షాఫ్ట్ అంటే భవనం నిలువునా ఉన్న పొగగొట్టం. దాని తలుపు సరిగా లేని ప్రతి అంతస్తులో పొగ బయటికొస్తుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం కరెంటు షాఫ్ట్ తనిఖీ తలుపులు గాలి చొరబడనివై, 120 నిమిషాలు మంటకు తట్టుకునేవై ఉండాలి. అదే షాఫ్ట్‌లో నీటి పైపులు, గ్యాస్ పైపులు తీసుకుపోకూడదు. కేబుళ్లు దిగే ప్రతి అంతస్తు శ్లాబు దగ్గర రంధ్రాన్ని ఫైర్ స్టాప్ పదార్థంతో మూయాలి. తలుపు ఎంత మంచిదైనా శ్లాబులో రంధ్రం తెరిచి ఉంటే ప్రయోజనం లేదు.

సరఫరాదారు చూపించే ఫైర్ సర్టిఫికెట్‌ను చివరిదాకా చదవండి. ఫైర్ తలుపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 3614 ప్రకారం పరీక్షించిన తలుపు కొలత మీరు కొనేదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. ఇటుక గోడలో పెట్టి పరీక్షించిన దాన్ని జిప్సం పార్టిషన్‌లో పెడితే ఆ రేటింగు వర్తించదు. నిలువు గోడలో పరీక్షించిన దాన్ని సీలింగ్‌లో అడ్డంగా పెట్టినా అంతే. మంట పైకి తన్నే తీరు వేరు. ఫైర్ రేటింగు ఉన్న తలుపు దానంతటదే మూసుకుని, దానంతటదే లాక్ పడాలి. తర్వాత ఎవరో కొత్త తాళానికి రంధ్రం చేస్తే, వేడికి ఉబ్బే పట్టీని పీకేస్తే రేటింగు పోయినట్టే. ప్లైవుడ్ మీద ఫైర్ పెయింట్ పూసి ఫైర్ డోర్ అని బిల్లు పెట్టేవారున్నారు. ఆ బిల్లు మీద సంతకం చేసేముందు ఇంజినీర్లు ఒక్క నిమిషం ఆగాలి.

తాళం కూడా ఇందులో భాగమే. తాళం లేని షాఫ్ట్‌లో వారం తిరిగేసరికి చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, అట్టపెట్టెలు, రోగి తాలూకువారి చాపలు, చెప్పులు చేరతాయి. కేబుళ్ల పక్కన అవన్నీ చితుకులే. భవనమంతటికీ ఒకే రకం తాళంచెవి, కరెంటు షాఫ్ట్‌కు మాత్రం వేరేది పెట్టి, ఒక్కో నకలు మెయింటెనెన్స్ గదిలో, ఫైర్ కంట్రోల్ గదిలో ఉంచాలి. మనిషి దూరగలిగేంత పెద్ద షాఫ్ట్ తలుపుకు లోపలి నుంచి తెరిచే పిడి తప్పనిసరి.

ఎలుకల గురించి చెప్పకపోతే మన దగ్గర ఈ విషయం పూర్తి కాదు. 2015 ఆగస్టులో గుంటూరులో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయిన సంగతి, 2022లో వరంగల్‌లో ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికిన సంగతి రెండు రాష్ట్రాల పాఠకులూ మరిచిపోయి ఉండరు. ఎలుకకు అర అంగుళం సందు చాలు, చిట్టెలుకకు పావు అంగుళం. డ్రైనేజీ పైపుల షాఫ్ట్‌లో ఎక్కి, సీలింగ్ మీద నడిచి, వంకర పోయిన మూత దగ్గర దిగుతాయి. బోనులు పెట్టే కాంట్రాక్టు ఇచ్చేముందు షాఫ్ట్ తలుపుల అడుగు సందులు, పైపుల చుట్టూ ఉన్న రంధ్రాలు కొలవండి.

కొన్ని గదులకు వేరే నియమాలున్నాయి. ఎక్స్‌రే, సీటీ గదుల గోడలో మూత పెడితే చుట్టూ గోడకు ఎంత సీసం రక్షణ ఉందో మూతకూ అంతే ఉండాలి. మూతలోని సీసపు రేకు ఫ్రేములోని రేకు మీదికి ఎక్కి ఉండాలి. అంచు దగ్గర గీతంత ఖాళీ ఉన్నా కిరణాలు దాటతాయి. ఎంఆర్ఐ గది మూత, బయటి రేడియో తరంగాలను ఆపే రాగి కవచంలో భాగంగా, అయస్కాంతానికి అంటని లోహంతో చేసినదై ఉండాలి. మానసిక చికిత్స వార్డుల్లో పట్టుకోవడానికి గానీ తాడు తగిలించడానికి గానీ వీలులేకుండా గోడకు సమంగా, మామూలు స్క్రూడ్రైవర్‌తో రాని స్క్రూలతో ఉండాలి.

కొన్ని గదులకు కలిపి ఆక్సిజన్ ఆపే జోన్ వాల్వు బాక్సుల్ని మాత్రం మూతల వెనక దాచకూడదు. అవి నర్సులకు ఎదురుగా, చేతికి అందే ఎత్తులో, ఏ గదులకు సంబంధించినవో రాసి ఉండాలి. అందం కోసం వాటి మీద చెక్క పలక బిగించినవి, తెరిచిన తలుపు రెక్క వెనక పడిపోయినవి కనిపిస్తున్నాయి. మంటలు వచ్చినప్పుడు ఆక్సిజన్ ఆపాల్సిన మనిషికి దాన్ని వెతికే సమయం ఉండదు.

మంచి మూత పెట్టినా తెరిచే పద్ధతి లేకపోతే దుమ్ము రాలక మానదు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెప్పకుండా రోగులున్న చోట మూత తెరవకూడదు. తొంగి చూసి మూసేయడం ఒక పని, పైన కోయడం, రంధ్రం వేయడం మరో పని. రెండో దానికి నిచ్చెన చుట్టూ నేల నుంచి సీలింగ్ దాకా ప్లాస్టిక్ గుడారం కట్టి, హెపా వ్యాక్యూమ్ నడుపుతూ పని చేయాలి. మూసేముందు మూత పైముఖాన్ని వ్యాక్యూమ్ చేసి తుడవాలి. మూసేటప్పుడు ఫట్‌మని కొడితే అంతసేపు పడ్డ కష్టం వృథా.

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పెద్ద ఆసుపత్రులు కడుతున్నారు. హైదరాబాద్ గోషామహల్‌లో ఉస్మానియా కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. వరంగల్‌లో 24 అంతస్తుల ఆసుపత్రి లేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో తలపెట్టిన 17 కొత్త వైద్య కళాశాలల్లో ఐదు 2023-24లో మొదలయ్యాయి. వీటిని కట్టించే ఇంజినీరింగ్ అధికారులను మేం కోరేది ఒకటే: తలుపులకు, కిటికీలకు టెండరులో పట్టిక ఉన్నట్టే యాక్సెస్ ప్యానెళ్లకూ ఒక పట్టిక పెట్టండి. అందులో ఒక్కో మూతకు నంబరు, గది, కొలత, లోహం, ఫైర్ రేటింగు, గ్యాస్కెట్, తాళం రకం, దాని వెనక ఉన్న వస్తువు రాయండి. బోర్డు ఎక్కకముందే ఏసీ, ప్లంబింగ్, కరెంటు, గ్యాస్ కాంట్రాక్టర్లు నలుగురినీ ఆ సీలింగ్ కింద నిలబెట్టి, ఒక్కో వాల్వుకు చెయ్యి పెట్టించి, సంతకం తీసుకోండి. భవనం అప్పగించే రోజు ప్రతి మూత తెరిపించి, మూయించి, మీద నంబరు స్టికర్ అంటించండి: నీళ్లకు ఒక రంగు, గ్యాస్‌కు ఒకటి, ఫైర్ డ్యాంపర్‌కు ఒకటి. పట్టిక నకలు మెయింటెనెన్స్ గది గోడకు అంటించి ఉంటే, రాత్రి రెండు గంటలకు పైపు పగిలినప్పుడు డ్యూటీలో ఉన్న ప్లంబరు సీలింగ్ పగలగొట్టకుండా నేరుగా ఆ నంబరు మూత దగ్గరికి వెళ్తాడు.

ఇట్లు,
ఆసుపత్రి భవనాల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు ఇంజినీర్లు,
విజయవాడ, హైదరాబాద్